సామాను కంటే ముందు మనుషులు



స్పెయిన్ దేశపు కతలోనియాలో ఒసోనా అనే పల్లె ప్రాంతం ఉన్నది. కంపెనీల ఇంటర్నెట్ సరిగా అందక, 2004లో అక్కడివారే ఇళ్లపై యాంటెన్నాలు నిలిపి, ఇంటి నుంచి ఇంటికి వైర్‌లెస్ వల అల్లుకున్నారు. అదే గిఫీ నెట్. తర్వాత అది 30 వేల నోడ్లు దాటింది.

మన ఊళ్లలోనూ అటువంటిది పెట్టదలిస్తే, మేము మనవి చేసేది ఇది.

ముందు ఊరి పటం గీయండి. ఏ డాబా నుంచి ఏ డాబా కనబడుతుందో చూడండి. చింతచెట్టు అడ్డమైతే సిగ్నలు తగ్గుతుంది. ప్రతి నోడుకూ రెండు దారులుంచండి. దారి ఒక్కటే అయితే, అది చెడిననాడు వెనుక ఇళ్లన్నీ తెగిపోతాయి. బయటి ఇంటర్నెట్ కలిపేముందు లైసెన్సుగల సంస్థతో మాట్లాడండి.

పెట్టే రోజున నిచ్చెన పట్టేందుకు పదిమంది వస్తారు. గాలివానకు యాంటెన్నా పక్కకు తిరిగితే ఎక్కేదెవరు? పాలకేంద్రం ఒక్కపూట తెరవకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఇదీ అంతే.

గిఫీ నెట్‌లో చేరేవారు ఒక ఉమ్మడి ఒప్పందానికి కట్టుబడతారు. ఆ వల ఏ ఒక్కరి సొత్తూ కాదు. మనమూ వంతులు, బాధ్యుల పేర్లు, మరమ్మతు నిధి ముందే తీర్మానించి మినిట్స్ పుస్తకంలో వ్రాసుకుందాం. సామాను ఆ తరువాతే కొందాం.