పెట్టె అడుగున కాగితం
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



సికిందరాబాదులో మా పక్క వాటాలో మార్కాపురం వైపునించి వచ్చిన ఒకావిడ వుండేది. భర్త సైన్యంలో హవల్దారుగా పనిచేసి, 2005లో గడువు తీరి యింటికొచ్చినవాడు. తర్వాత ఒక అపార్టుమెంటులో కాపలా పనికి కుదిరాడు. నెలనెలా మామూలు పెన్షను వస్తుంది, రక్తపోటుకి మాత్రలు మింగుతాడు, అదీ వాళ్ళ సంసారం. 2019లో సంక్రాంతి ముందు ఆవిడ ట్రంకుపెట్టె సర్దుకుంటూ, పెళ్ళి పట్టుచీర మడతల్లోంచి ఒక ఇంగ్లీషు కాగితం తీసి పట్టుకొచ్చింది.

"అక్కయ్యగారూ, యిది పారెయ్యవచ్చా? ఎన్నేళ్ళనుంచో పడివుంది" అంది.

చదివాను. ఆయన పదవీ విరమణ వేళ వైద్యుల బోర్డు పరీక్ష చేసి, రక్తపోటు వల్ల వైకల్యం నూటికి ముప్ఫై వంతులనీ, అది జీవితాంతం వుండేదనీ రాసింది. బాగానే వుంది. ఆ కిందనే, యీ జబ్బు సైనికోద్యోగం మూలంగా వచ్చిందీ కాదు, దానివల్ల పెరిగిందీ కాదు, కనుక వైకల్య పెన్షను యివ్వడానికి వీల్లేదు అని వుంది. అభ్యంతరముంటే ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చునన్న వాక్యం చిట్టచివర వుంది. ఆ ఆరు నెలలూ గడిచి పద్నాలుగేళ్ళవుతోంది!

"మీవారు ఏమన్నారమ్మా అప్పట్లో?" అని అడిగాను.

"పెద్దవాళ్ళు కాదన్నాక కాదంతే, నువ్వు పెట్టెలో పెట్టు అన్నారండీ" అంది. ఆజ్ఞకి ఎదురు చెప్పని అలవాటు యింటికొచ్చాక కూడా పోదు కాబోలు.

మా మరిది ప్లీడరు. కాగితం ఆయనకి చూపించాను. ఆయన చెప్పిన సంగతులే మీకూ చెప్పాలని యివాళ వచ్చాను. మన రెండు రాష్ట్రాల్లోనూ మాజీ సైనికుల కుటుంబాలు చాలా వున్నాయి. వాళ్ళ కాగితాలు దాచేది మనమే గదా.

వైకల్య పెన్షనుకి రెండు షరతులు. వైకల్యం నూటికి యిరవైకి తగ్గకూడదు. అది ఉద్యోగం మూలంగా వచ్చిందో, ఉద్యోగం వల్ల ముదిరిందో అయివుండాలి. చిక్కంతా యీ రెండోదాంట్లోనే. తుపాకి గుండు తగిలితే ఎవరూ కాదనరు. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ, మనోవ్యాధి లాంటివయితే "పుట్టుకతో వచ్చే గుణం" అని ఒక్క ముక్కలో కొట్టేసిన కేసులు చాలా వున్నాయి. 2013 జూలై 2న సుప్రీంకోర్టు, మూర్ఛరోగంతో యింటికి పంపబడిన ఒక సిపాయి కేసులో చాలా స్పష్టంగా తీర్పు చెప్పింది. సైన్యంలో చేరేనాడు పరీక్ష చేసి ఆరోగ్యవంతుడని రాసుకున్న మనిషికి తర్వాత జబ్బు కనబడితే, అది ఉద్యోగంలోనే వచ్చిందని అనుకోవాలి. కాదని నిరూపించవలసిన భారం ప్రభుత్వానిది, సిపాయిది కాదు. బోర్డు కాదంటే ఎందుకు కాదో కారణాలు రాయాలి.

నాకు యీ మాట ఎంతో న్యాయంగా తోచింది. పద్దెనిమిదేళ్ళ పిల్లాణ్ణి గుండె, వూపిరి, పళ్ళు, పాదాలు అన్నీ చూసి తీసుకుంటారు. యిరవై ఏళ్ళు మంచులోనూ ఎండలోనూ తిప్పి పంపేటప్పుడు "యీ జబ్బు మీ యింటినుంచే తెచ్చుకున్నావు" అంటే ఎట్లా?

యింకొకటి. 2014 డిసెంబరు 10న అదే కోర్టు మరో తీర్పు యిచ్చింది. వైకల్యం యాభైకి లోపు వుంటే యాభైగా, యాభైనుంచి డెబ్భైఅయిదు దాకా వుంటే డెబ్భైఅయిదుగా, ఆ పైన వుంటే నూరుగా లెక్కకట్టే పద్ధతి 1996నుంచి వుంది. అది మధ్యలో వైద్యకారణాల మీద పంపేసినవాళ్ళకే అనేవారు. గడువు తీరి వచ్చినవాళ్ళకీ యివ్వాలన్నది కోర్టు. డబ్బులో చెబితే మనకి బాగా తెలుస్తుంది. నూరు పాళ్ళ వైకల్యానికి చివరి జీతంలో నూటికి ముప్ఫై వంతులు యిస్తారు. జీతం నలభై వేలనుకుంటే పన్నెండు వేలు. ముప్ఫై పాళ్ళకి 3,600. యాభైగా లెక్కకడితే 6,000. దీనిమీద కరువుభత్యం వేరే. యిదంతా మామూలు పెన్షనుకి అదనం.

మరి గడువు దాటిపోయిందే అంటారా? పెన్షను నెలనెలా అందవలసింది కనుక, అందని ప్రతి నెలా అన్యాయం కొనసాగుతున్నట్టే లెక్క. అందుచేత ఆలస్యమైనా అడగవచ్చు. కాని బకాయిలు మాత్రం కోర్టుకి వెళ్ళిన రోజుకి వెనక మూడేళ్ళకే, 2008లో సుప్రీంకోర్టు పెట్టిన హద్దు అది. మా పక్కింటివాళ్ళు 2019లో సాయుధ దళాల ట్రిబ్యునలుకి వెళ్ళారు. మన రెండు రాష్ట్రాలకీ చెన్నైలోని బెంచి. రెండేళ్ళకి అనుకూలంగా ఆర్డరొచ్చింది. బకాయి 2016నుంచి యిచ్చారు. అంతకు ముందటి పదకొండేళ్ళదీ పోయినట్టే. డబ్బు వచ్చిందని స్వీట్లు పంచుతూనే ఆవిడ వేళ్ళమీద ఆ పదకొండేళ్ళూ లెక్కపెట్టుకుంది. ఆ ఏళ్ళలోనే పెద్దపిల్లని డిగ్రీ మాన్పించి కుట్టుమిషను మీద కూర్చోబెట్టారు.

అందరికీ యిట్లా జరుగుతుందని నేననను. బోర్డు సరైన కారణాలు రాసివుంటే దాని మాటకి విలువ వుంటుంది. ట్రిబ్యునలు యిచ్చినా ప్రభుత్వం పైకోర్టుకి పోవడమూ వుంది. 2023 సెప్టెంబరు 21నుంచి కొత్త నియమాలు వచ్చాయి. ఆ తర్వాత యింటికొచ్చినవాళ్ళకి లెక్క వేరు, వాళ్ళు పాత తీర్పులు చూసి ధీమాగా వుండకూడదు.

పెన్షను వస్తున్నవాళ్ళు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జబ్బు ముదిరితే వైకల్యపు శాతం మళ్ళీ కట్టమని తామే అడగవచ్చు. 2001లో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం, మనం అడగనిదే వాళ్ళు సాధారణంగా తిరిగి చూడరు.

యింతకీ ఏ కాగితాలు కావాలి? డిశ్చార్జి పుస్తకం, పెన్షను ఆర్డరు, వైద్యబోర్డు రిపోర్టు, కాదన్న వుత్తరం. బోర్డు రిపోర్టు చాలామంది దగ్గర వుండదు. ఆయన పనిచేసిన దళం రికార్డు ఆఫీసుకి, 2005నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. రిజిస్టర్డు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అర్జీ రాయడం తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. భర్త పోయినవాళ్ళు కూడా, ఆయన బతికుండగా రావలసిన బకాయి కోసం అడిగే వీలుంది. ప్లీడరు ఖర్చుకి భయపడనక్కరలేదు. 1987నాటి చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ళకి వుచిత న్యాయసహాయం వుంది. ఆయన పేర దావా అయితే ఆదాయం అడుగుతారు, పోయినాయన తరఫున మీరే వేస్తే అడగరు.

మా పక్కింటావిడ యిప్పుడు ఆ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డబ్బా పైన, చెయ్యి అందేచోట పెట్టుకుంది. మొన్న వాళ్ళ మరిది మార్కాపురంనుంచి వచ్చాడు, ఆయనా సిపాయే. కాళ్ళు కడుక్కునే లోపలే "మీ బోర్డు కాగితం ఎక్కడుంది మరిదీ?" అని అడిగిందట.