నిప్పులో పండిన ఎరుపు: జపాను అగేట్ పనితనం

అగేట్ సిలికా రాయి. చల్లారిన లావాలో బుడగలు వదిలిన ఖాళీలలోకి సిలికా కలిసిన నీరు చేరి, పొరమీద పొరగా గడ్డకట్టడం వల్ల దానికి చారలు వస్తాయి. మోస్ కొలతలో దీని కాఠిన్యం 6.5 నుంచి 7. హైదరాబాదు ఉంగరాల అంగళ్ళలో దీన్ని అకీకు అంటారు. జపానులో దీని పేరు మెనో. ఆ పేరును రాసే చైనా లిపికి మూలార్థం ‘గుర్రపు మెదడు’. ముడిరాయి మెలికలు చూసినవారికి ఆ పోలిక వింతగా తోచదు.

పైకి ఎంత గట్టిదైనా అగేట్ లోపలంతా సన్నని పోగుల్లాంటి స్ఫటికాల అల్లిక. పోగుల మధ్య కంటికి ఆనని సందులుంటాయి. రాయికి రంగు తెప్పించే విద్య అంతా ఆ సందుల మీదే ఆధారపడింది.

జపానులో ఈ రాయి వాడుక పాతది. 3వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా సాగిన కోఫున్ కాలంలో ఇజుమో ప్రాంతపు పనివాళ్ళు కాసెన్ కొండ దగ్గర దొరికే ఎర్ర అగేట్‌తో, జాస్పర్‌తో కామా ఆకారపు మగతమ పూసలు చేసేవారు. అక్కడి తమత్సుకురి అనే ఊరి పేరుకు అర్థమే పూసల తయారీ.

రంగు తెప్పించే విద్యకు పేరుపడ్డది వకాసా, అంటే నేటి ఫుకుయి జిల్లాలోని ఒబామా పట్టణ ప్రాంతం. క్యోహో కాలంలో (1716–1736) తకయామా కిహేయి అనే అతను ఒసాకాలో కొలువు చేస్తూ రాయిని కాల్చి రంగు తీసే పద్ధతి నేర్చుకుని, సొంత ఊరికి తెచ్చాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది.

ఆ పద్ధతిలో బయటి రంగు ఏదీ కలపరు. ముడిరాయిలో నీటితో కూడిన ఇనుప ఆక్సైడు పసుపు, గోధుమ వన్నెల్లో ముందే ఉంటుంది. వేడి తగిలితే అందులోని నీరు పోయి అది హెమటైట్‌గా మారుతుంది, రాయి ఎరుపెక్కుతుంది. సెగ ఒక్కసారిగా తగిలితే సందుల్లోని తేమ ఆవిరై రాయిని చీల్చేస్తుంది. అందుకే మెల్లగా కాల్చి, అంతే మెల్లగా చల్లారనివ్వాలి. ఆ తరువాతే చెక్కడం, సానపట్టడం, మెరుగుపెట్టడం. గుజరాతులోని ఖంభాత్ పనివాళ్ళూ ఎర్ర అకీకును ఇలాగే నిప్పులో పండిస్తారు.

మెయిజీ కాలపు తొలినాళ్ళలో నకగావా సెయిసుకే శిల్పాలు చెక్కే పద్ధతి రూపొందించడంతో, పూసలకే పరిమితమైన పని పక్షులు, జంతువులు, ధూపపాత్రల దాకా విస్తరించింది. ముడిసరుకుగా వాడే హొక్కైదో రాయి తగ్గాక దాని స్థానంలో బ్రెజిల్ రాయి వచ్చింది. 1976లో జపాను ప్రభుత్వం వకాసా అగేట్ పనిని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. యమనాషి జిల్లాలోని కోఫు పట్టణ పరిసరాల స్ఫటికం, రత్నశిలల పనికీ ఆ గుర్తింపు దక్కింది. నగలో పొదగని విడి రాళ్ళ కోతలో నేటికీ కోఫుదే పెద్ద పేరు.

రాయికి రంగు తెప్పించే రెండో దారి అద్దకం. దీన్ని 19వ శతాబ్దంలో పరిశ్రమగా మార్చింది జర్మనీలోని ఇడార్–ఓబర్‌స్టైన్. రాయిని చక్కెర నీటిలో నానబెట్టి గంధకామ్లంలో వేస్తే, సందుల్లోని చక్కెర బొగ్గై నలుపు వస్తుంది. క్రోమియం లవణాలు ఆకుపచ్చను ఇస్తాయి. పొరలన్నీ ఒకేలా పీల్చవు కనుక చిక్కని పొరలు తెల్లగానే మిగిలి చారలు మరింత తేటపడతాయి.

విడి రాయి కొనేటప్పుడు ఈ రెండింటి తేడా తెలియాలి. అద్దిన రంగు పగుళ్ళ వెంట పేరుకోవడం భూతద్దంలో కనిపిస్తుంది. నాసిరకపు అద్దకమైతే ఎసిటోన్ తడిపిన దూదికి అంటుతుంది. కాల్చి తెచ్చిన ఎరుపు దూదికి అంటదు, పుట్టుకతో వచ్చిన ఎరుపు నుంచి దాన్ని వేరుచేయడమూ కష్టమే. కాబట్టి ఆ సంగతి అమ్మేవాడి నోటే వినాలి. వకాసాలో మాత్రం అది దాచే విషయం కాదు, పనివాడి నేర్పుకు కొలత.