రిబేటు బోర్డు ఎక్కడికి పోయింది?



సమాచార హక్కు వారోత్సవం కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. లెక్కల శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది జమా ఖర్చులే. పొందూరు లాంటి ఖద్దరు ఊళ్ళో నిలబడి, ఖద్దరుకు వచ్చే సర్కారు సొమ్మును వదిలేసి ఇంకేం మాట్లాడను? ముందే ఒకటి మనవి చేస్తాను. ఎవరో తిన్నారని చెప్పడానికి నేను రాలేదు. లెక్క చూపించమంటే దొంగ అన్నట్టే అనుకోవడం మన దగ్గర పాత జబ్బు. ఇచ్చినవాడికి రసీదు అడిగే హక్కు ఎంతుందో, ఎవరి పేరు చెప్పి తెచ్చారో ఆ మనిషికీ అంతే హక్కుంది. ఈ సాయంత్రం నా గొడవంతా ఆ రెండో మనిషి గురించే.

అక్టోబరు 2 వస్తే ఖాదీ భండారు గుమ్మం ముందు పెట్టే బోర్డు మీలో చాలామందికి గుర్తుండాలి. గాంధీ జయంతి ప్రత్యేక రిబేటు, ఇంత శాతం అని పెద్దక్షరాలతో రాసేవారు. బిల్లులో అసలు ధర, రిబేటు, కట్టాల్సింది వేర్వేరుగా ఉండేవి. ఆ తగ్గించిన సొమ్మును తరవాత ప్రభుత్వం భర్తీ చేసేది. అంటే గ్రాంటు ఎంతో పంచె కొన్న ప్రతివాడి జేబులోనూ కాగితం మీద ఉండేది. మన దేశంలో అంతకంటే బాగా బయటపెట్టిన సబ్సిడీని నేనైతే చూడలేదు. అయితే లాభం కొన్నవాడికే ఎక్కువ. వడికిన మనిషికి అందులో నేరుగా దక్కేది లేదు.

అందుకే 2010 ఏప్రిల్ నుంచి రిబేటు తీసేసి మార్కెట్ డెవలప్‌మెంట్ అసిస్టెన్స్ పెట్టారు. అమ్మకం మీద ఇచ్చేదాన్ని ఉత్పత్తి మీదికి మార్చారు. ఉత్పత్తి విలువలో 20 శాతం సాయం. అందులో వడికేవాళ్ళకూ నేసేవాళ్ళకూ కలిపి 25 వంతులు, ఉత్పత్తి చేసే సంస్థకు 30, అమ్మే సంస్థకు 45. వెయ్యి రూపాయల సరుకుకు రెండు వందలొస్తే, చేతిపని చేసినవాళ్ళందరి వాటా యాభై. 2016-17లో ఈ పథకాన్ని సవరించారు. అప్పుడు పెట్టింది అసలు తయారీ ఖర్చులో 30 శాతం సాయం, అందులో కార్మికులకు 40 వంతులు. తయారీ ఖర్చు వెయ్యి అయితే మూడు వందలు, కార్మికుల వాటా నూట ఇరవై. న్యాయంగా చూస్తే మునుపటికంటే ఎంతో మేలు. ఒక్కటే తేడా. రిబేటుకు బోర్డుండేది, దీనికి లేదు. కొనేవాడి చేతిలో ఉన్నప్పుడు పదిమందికీ కనిపించిన సొమ్ము, చేసేవాడి దగ్గరికి చేరేసరికి ఫైలులోకి పోయింది. ఎంతొచ్చిందమ్మా అని వడికే మనిషిని అడిగి చూడండి. "మాకేటి తెలుసు బాబూ, బ్యాంకులో పడతాది" అంటుంది.

ఆవిడ చేసే పని ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, ఊరి బయటివాళ్ళు కూడా కొందరున్నారు కాబట్టి చెబుతాను. కొండపత్తి గానీ ఎర్రపత్తి గానీ ఏరి, గింజ అంటిపెట్టుకుని ఉండగానే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చిన్న పళ్ళ వరసలో చెత్త పోయి పోగు తిన్నబడుతుంది. పీట మీద ఇనప కడ్డీతో గింజ తీస్తారు. తరవాత ఏకడం, ఏకులు చుట్టడం. ఏకు నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. అప్పుడు గానీ రాట్నం ముందు కూచోరు. వంద కౌంటు నూలు ఊరికే రాదు. ఇంత కొలతగా పని చేసే మనిషికి, తన పని లెక్కగట్టి ఢిల్లీ నుంచి వచ్చిన సొమ్ము కొలత మాత్రం తెలియదు.

గాంధీగారిని ఈ సందర్భంలో తలచుకోవడం మర్యాద కోసం కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలనీ, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలనీ తీర్మానించింది. పొందూరు నూలు చూసి రమ్మని ఆయన కొడుకు దేవదాస్‌ను పంపింది కూడా ఆ రోజుల్లోనే. నిధీ, నూలూ జంటగా నడిచాయి. ఆయన దక్షిణాఫ్రికాలో 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టిన నాటి నుంచే చిన్న చందాకైనా రసీదు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. సంస్థలు శాశ్వత నిధుల మీద బతకకూడదన్నది ఆయన అభిప్రాయం. ఏటేటా జనం దగ్గరికి చెయ్యిచాచి వెళ్ళాల్సి వస్తే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారని. మన పొందూరు ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నాటిది. దానికి ఈ సాయం పంపే ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1957లో వచ్చింది. అంటే కమిషన్ కంటే సంఘమే వయసులో పెద్దది. ఆ పెద్దరికాన్ని కాస్త ముందుకు వచ్చి చూపించమనే నా మనవి.

ఇక చట్టం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. జనం అర్జీ పెట్టుకునే సెక్షన్ 6 గురించే అందరికీ తెలుసు. నా దృష్టిలో దానికంటే గొప్పది సెక్షన్ 4. ఎవరూ అడక్కుండానే చెప్పమంటుంది అది. సబ్సిడీ పథకాలను ఎలా నడుపుతున్నారో, ఎంత కేటాయించారో, లబ్ధిదారుల వివరాలేమిటో ప్రకటించాలని అందులో స్పష్టంగా ఉంది. ఇంకాస్త కిందికి వెళితే, స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిలో చెప్పాలనీ ఉంది. నోటీసు బోర్డు, పత్రిక, బహిరంగ ప్రకటన అన్నీ పేరుపేరునా రాశారు. ఢిల్లీలో ఇంగ్లీషు వెబ్‌సైటులో పట్టిక పెట్టి చేతులు దులుపుకోవడానికి ఈ చట్టంలో చోటు లేదు.

మాది ప్రభుత్వ ఆఫీసు కాదు, సంఘం కదా అని ఎవరైనా అనవచ్చు. 2013లో కేరళ సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు సహకార సంఘాలన్నిటినీ గంపగుత్తగా చట్టం కిందికి తేలేమంది. 2019లో డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో మాత్రం, ప్రభుత్వం నుంచి గణనీయంగా సాయం పొందే సంస్థ చట్టం కిందికి వస్తుందనీ, ఆ సాయం సగానికి మించాలన్న రూలు లేదనీ తేల్చింది. మన సంఘం చట్టం గీతకు ఇటా, అటా అన్న వాదన వకీళ్ళకు వదిలేద్దాం. సొమ్మిచ్చే కమిషన్ ప్రభుత్వ సంస్థే, అందులో ఎవరికీ అనుమానం లేదు.

నేను బతుకంతా చూసిన కాగితం ఒకటుంది, వినియోగ ధ్రువపత్రం. యూసీ అంటారు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా ఇవ్వాలి. ఇచ్చిన పనికే సొమ్ము వాడాం అని వాడినవాడే రాసిచ్చే కాగితం అది. సంఘం నుంచి కమిషన్‌కు, అక్కణ్ణించి మంత్రిత్వ శాఖకు పోతుంది. గ్రాంటు 25 లక్షలకు తగ్గకుండా, సంస్థ ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉంటే కాగ్ ఆడిట్‌కు కూడా దారుంది. అన్నీ మెట్లెక్కి పైకి పోయేవే. ఒక్క నకలైనా కిందికి దిగి రాట్నం దగ్గరికి రాగా నేను చూడలేదు. పై ఆడిటరుకు మొత్తాలు తెలుస్తాయి. ఫలానా నెల ఫలానా మనిషి ఎన్ని నూలు చిలపలు ఇచ్చిందో ఆయనకేం తెలుసు? అది తెలిసింది ఆమెకే.

ఆ కిటుకును మన రాష్ట్రం ఉపాధి హామీలో పట్టుకుంది. 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలుపెట్టి, 2009లో దానికి విడిగా ఒక సొసైటీనే పెట్టారు. మస్టరు రోలు గ్రామసభలో చదువుతుంటే, అక్షరం రాని ముసలమ్మ లేచి "ఆ వారం నేను పనికే రాలేదు, నా పేరెలా రాశారు?" అని అడగగలదు. ఏ పట్టభద్రుడైన ఆడిటరూ ఆ తప్పు పట్టలేడు. చేనేత కుటుంబాలకు సాయంగా పెట్టిన నేతన్న నేస్తం 2019 డిసెంబరులో మొదలైనప్పుడు కూడా లబ్ధిదారుల జాబితాలు సచివాలయం గోడకు అంటించారు. అప్పట్లో ఏడాదికి 24,000 రూపాయలు, సొంత మగ్గం ఉన్నవాళ్ళకు ఇచ్చేవారు. ఇంకొకరి షెడ్డులో నేసేవాడికి రాలేదు. ఆ నిబంధన మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. పేరు లేదని గోడ మీదే కనబడింది కాబట్టి అడగడానికి వాడికో ఆధారం దొరికింది.

విదేశాల్లో ఏం చేస్తున్నారని అడుగుతారు. అమెరికా 2006లో చట్టం చేసి, మరుసటి ఏడాది చివరికల్లా గ్రాంట్లను వెతుక్కునే వెబ్‌సైటు తెరిచింది. కెనడా 25,000 డాలర్లు దాటిన ప్రతి గ్రాంటునూ ప్రకటిస్తుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ మన వడికేవాళ్ళ ఒక్కొక్కరి వాటా ఆ గీత దరిదాపులకు కూడా రాదు. పెద్ద మొత్తాలకు పెట్టిన జల్లెడ మనకు పనికిరాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళకొచ్చే డబ్బు గోడకెక్కిస్తే ఇంట్లో మగవాడు లాక్కోడా అని ఒక చెల్లెలు ఇందాక నన్ను అడిగింది. మంచి ప్రశ్న. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని సవరించి వ్యక్తిగత వివరాలకు తలుపు మరింత బిగించింది. సంస్థలు దాన్ని చాటు చేసుకుంటాయేమోనని నా భయం. నా లెక్క ఇది. ఆ ఏడాది వచ్చిన మొత్తం, కార్మికుల వాటా, ఊరివారీగా ఎంతమందికి ఎంత పంచారు, చిలపకు ఎంత చొప్పున పడింది, ఇవి బోర్డు మీద తెలుగులో రాయాలి. ఎవరి వాటా వారికి చీటీ మీద రాసి చేతికివ్వాలి. బ్యాంకు ఖాతా నంబరూ, ఆధారూ ఎక్కడా కనబడకూడదు. చిలప రేటు తెలిస్తే చాలు, మిగతా గుణకారం ఆమె ఇంట్లో కూచుని చేసుకుంటుంది.

బోర్డు పెట్టేదాకా ఆగనక్కర్లేదు. ఖాదీ కమిషన్ కేంద్ర సంస్థ, అర్జీకి పది రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువనున్నవారికి అదీ లేదు. తెలుగులోనే రాయవచ్చు. పొందూరు సంఘానికి గత మూడేళ్ళలో ఎంత విడుదల చేశారు, కార్మికుల వాటా ఎంత, యూసీ నకలు ఇవ్వండి అని మూడు ముక్కలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు చేసుకోవచ్చు, దానికి రుసుము ఉండదు. ఆ అర్జీ నమూనా ఇరవై కాపీలు తీయించి తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి.