మాట మనదే, అర్థం కోర్టుది
(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

'నలుగురిలో తిట్టిండు' అంటే ఏందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పడ్డవాళ్లం మనం. కానీ కోర్టులో ఆ నలుగురు ఎవరు, ఆ చోటు ఏది అన్నదాని మీదనే కేసు నిలబడుతది, లేదా కూలుతది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. మనల్ని కావాలని అవమానిస్తే నేరమన్నది. 2016లో అమల్లోకి వచ్చిన సవరణ, కులం పేరుతో తిట్టడాన్ని విడిగా చేర్చింది. రెంటికీ ఒకటే షరతు: అది 'పబ్లిక్ చూపుకు అందే చోట' జరగాలె.

పబ్లిక్ అనంగనే మనకు బజారు, బస్టాండు గుర్తొస్తయి. చట్టం మాత్రం ఆ చోటు ఎవరిదని అడగదు, బయటోళ్ల చూపు పడుతదా అని అడుగుతది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. దొర తన సొంత గేటు కాడ తిట్టినా, రోడ్డున పోయేవాళ్లకు కనబడితే అది పబ్లిక్ చూపే. ఇంటి లోపలైనా బయటోళ్లు ఉంటే నేరమే. ఉన్నవాళ్లంతా చుట్టాలు, స్నేహితులే అయితే మాత్రం చాలదన్నది. 2020లో హితేష్ వర్మ కేసులో, నాలుగు గోడల నడుమ బయటోళ్లు లేనప్పుడు అన్న మాటకు ఈ సెక్షన్ వర్తించదని అదే కోర్టు చెప్పింది.

గదిలోకి పిలిచి తిడితే పరువు పోదా అని మేం అడుగుతున్నం. ఆ అర్థం మారేదాకా కొట్లాడుదాం. అయితే రేపు పొద్దున స్టేషన్‌కు పోయే మనిషికి ఇయ్యాల ఉన్న అర్థం తెలిసి ఉండాలె.

అందుకే 'కులం పేరుతో తిట్టిండు' అని ఒక్క ముక్క రాసిచ్చి రావొద్దు. ఏ చోట, ఎన్ని గంటలకు, గేటు లోపలా బయటా, దారిన ఎవరు పోతున్నరు, ఎవరు విన్నరు, వాడు అన్న మాట అన్నట్టుగా చెప్పాలె. లేని సాక్షిని తేవొద్దు, ఉన్న సాక్షిని వదలొద్దు.

చదువు రానివాళ్లు నోటితో చెప్పినా చాలు. స్టేషన్ అధికారి రాసుకొని, చదివి వినిపించి, ఆ తర్వాతనే సంతకమో వేలిముద్రో తీసుకోవాలె. కాపీ వెంటనే ఇవ్వాలె. ఇది దయ కాదు, అదే చట్టం 4వ సెక్షన్ అధికారి మీద పెట్టిన బాధ్యత.

వేలు సిరాలో ముంచే ముందు ఒక్క మాట అడగండి: 'సారూ, ఎవరెవరు చూసిన్రో అండ్ల రాసిన్రా?'