తేట ఊట, బురద ఊట

(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సైన్సు గురించి మాట్లాడమన్నారు. డ్రాయింగు పీరియడు గురించి కూడా మాట్లాడతాను. ఆ పీరియడు ఎగ్గొట్టి క్రికెట్ ఆడిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అది ఎంత నష్టమో ఉద్యోగంలో చేరాక తెలిసింది.

కొత్తలో నన్ను ఒక ఊరి చెరువు కట్ట చూసి రమ్మన్నారు. కట్ట వెనక అడుగున నీరు ఊరుతోంది. మట్టికట్టకు కొంత ఊట మామూలే. బురదగా మారిందంటే మాత్రం లోపలి మట్టిని మోసుకొస్తోందని, కట్టలో సన్నని దారి పడుతోందని అర్థం. పట్టికలతో, సూత్రాలతో నాలుగు పేజీల రిపోర్టు రాశాను. ఈ అసలు సంగతి మూడో పేజీలో ఒక పట్టిక కింద ఉండిపోయింది. ఆ వానాకాలమే కట్టకు గండి పడింది. ప్రాణాలు పోలేదు గాని, నాట్లేసిన పొలాల్లో ఇసుక మేట వేసింది. ఒక పెద్దాయన నన్నడిగాడు: "రెండు రోజుల సంది నీళ్లు ఎర్రగ వచ్చినయ్ సారూ. గట్ల వస్తే ప్రమాదమని మాకెందుకు జెప్పలే?"

నా దగ్గర జవాబు లేదు. రిపోర్టులో తప్పు లేదు. కానీ చేరవలసిన వాళ్లకు అది చేరలేదు.

అప్పుడే చాలెంజర్ గుర్తొచ్చింది. మేం పదో తరగతిలో ఉండగా, 1986 జనవరి 28న, ఆ అమెరికా వ్యోమనౌక ఆకాశంలోనే ముక్కలై ఏడుగురు చనిపోయారు. రాకెట్టు అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి సరిగా పనిచేయవని ముందు రాత్రే ఇంజనీర్లు హెచ్చరించారు, చార్టులు చూపారు. అయితే చలికీ, రింగుల నష్టానికీ ఉన్న సంబంధం ఒక్క బొమ్మలో కళ్లకు కట్టేలా వాటిలో లేదు. ఎగరేయాలని నిర్ణయించిన పైవాళ్ల బాధ్యత దీనివల్ల తగ్గదు. తర్వాత విచారణ సంఘం సభ్యుడు, భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అందరి ముందూ ఒక రబ్బరు ముక్కను బిగించి, ఐసు నీళ్ల గ్లాసులో ముంచాడు. బయటికి తీసి బిగింపు వదిలితే అది వెంటనే మునుపటి ఆకారానికి రాలేదు. చూసిన వాళ్లలో చాలామందికి విషయం అర్థమైంది.

అయితే ఆ గ్లాసు వెనక ఇంజనీర్ల ఏళ్ల పరిశీలన ఉంది. అది లేకపోతే ఆ ప్రయోగం గారడీగా మిగిలేది.

గండి పడ్డ మరుసటి ఏడు నేనొక గాజుపెట్టెలో మట్టికట్ట కట్టి, నీళ్లు పోసి ఊరూరా చూపించాను. తేట ఊట బురదగా మారడం, ఆపైన కట్ట కూలడం రైతులు కళ్లారా చూశారు. ఆ తర్వాత ఒక ఊరి నుంచి అర్ధరాత్రి కబురొచ్చింది: "బురద వస్తుంది సారూ." తెల్లారేసరికి ఇసుక బస్తాలు వేశాం. కట్ట నిలిచింది.

ఈ పాఠం నిజానికి మన బడిలోనే ఉంది. గుండె పాఠం రోజున మన సైన్సు సారు డ్రాయింగు సారును పిలిపించేవారు. ఆయన ఎర్ర సుద్దతో, నీలం సుద్దతో బొమ్మ వేస్తుంటే, ఈయన పక్కన నిలబడి "కవాటం అటు కాదు, ఇటు తెరుచుకోవాలి" అని దిద్దించేవారు. ఆ గుండె బొమ్మ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకరు వేయాలి, ఒకరు దిద్దాలి.

స్వర్ణోత్సవం గుర్తుగా ఒక పని చేద్దాం. ఏటా ఒక రోజు పిల్లలు ఒక సైన్సు సంగతిని బొమ్మతోనో, పాటతోనో, నాటికతోనో ఊరి పెద్దలకు చెప్పాలి. తప్పొప్పులు సైన్సు టీచర్లు చూస్తారు. అర్థమైందో లేదో పెద్దలనే అడుగుదాం. ఖర్చు మా బ్యాచుది.

డ్రాయింగు పీరియడు ఎగ్గొట్టినందుకు సారుకు ఈ వేదిక మీద నుంచి క్షమాపణలు. సెలవు.