ఘాంజీ ఊళ్లో భూమి ఎవరిది?



ఇవాళ ఒక దూరపు ఊరి ముచ్చట చెప్తా. ఆఫ్రికాలోని బోట్స్‌వానా దేశంలో, కలహారి ఎడారి ప్రాంతంలో ఘాంజీ అనే చిన్న టౌను ఉంది. అక్కడ కొట్టుకో, ఆస్పత్రికో పోతే నాలుగైదు భాషలు చెవిన పడతాయి. నారో మాట్లాడే శాన్ ఆదివాసులు, బకలహాదీలు, త్స్వానాలు ఉంటారు. 1904లో మొదలైన జర్మన్ సైన్యపు నరమేధం నుంచి పారిపోయి వచ్చిన హెరెరోల వారసులున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎడ్లబండ్ల మీద వచ్చిన తెల్ల ఆఫ్రికానర్ల వారసులూ ఉన్నారు.

అందరూ కలిసి బతుకుతున్నారు, మంచిదే కదా అంటారు. మంచిదే. మరి భూమి ఎవరి పేరున ఉంది? మొదటినుంచీ ఉన్నది శాన్లు. వాళ్ల నీటి చెలమల చుట్టూ పశువుల ఫారాలొచ్చాయి, కంచెలు పడ్డాయి. సొంత నేల మీదే వాళ్లు జీతగాళ్లయ్యారు.

ఊరికి తూర్పున పెద్ద అభయారణ్యం ఉంది. 1961లో బ్రిటిష్ పాలకులు దాన్ని పెట్టింది జంతువుల కోసమే కాదు, అక్కడి మనుషుల బతుకు కోసం కూడా. కానీ 1997లో, 2002లో ఆ మనుషులనే లారీలెక్కించి కాలనీల్లో దింపారు. బోరు మూసేశారు. "ఇష్టపడే వచ్చారు, ఇదంతా అభివృద్ధి కోసమే" అంది ప్రభుత్వం. ఈ మాట మనకు కొత్తా?

వాళ్లు కోర్టుకెక్కారు. 2002లో వెళ్లగొట్టింది అన్యాయమని 2006 డిసెంబర్ 13న హైకోర్టు తీర్పిచ్చింది. అదే నెలలో మన అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో పాసయింది.

గెలిచాక ఏమైంది? తీర్పు కేసులో పేరున్నవాళ్లకే అన్నారు. మిగతావాళ్లు పర్మిట్ తీసుకోవాలన్నారు. నీళ్లిచ్చే బాధ్యత ప్రభుత్వానికి లేదని అదే కోర్టు అంది. బోరు వాడుకునే హక్కు కోసం మళ్లీ కొట్లాడి 2011లో గెలిచారు. అంటే ఇంటికి పోవచ్చన్న నాలుగేళ్లకు గుక్కెడు నీళ్లు! 2014లో ఆ అభయారణ్యంలోనే వజ్రాల గని తెరిచారు. జంతువులకు మనుషులు అడ్డమట, గని అడ్డం కాదట.

అమ్రాబాద్‌లో చెంచులను పులుల పేరు చెప్పి లేవమంటున్నప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. పట్టా కాయితం చేతికొస్తే కొట్లాట అయిపోయినట్టు కాదు. పేర్లన్నీ ఎక్కాయా? పిల్లల సంగతేంటి? నీళ్లు, దారి ఎవరి చేతిలో ఉన్నాయి? గ్రామసభలో అడగండి, తీర్మానంలో రాయించండి. రాయించాకే వేలిముద్ర వేయండి.

జై ఆదివాసీ!