కాన్పు గదిలోకి వెళ్లే ముందు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద చదువు గురించే మాట్లాడమంటారు. మేం టీచర్లం కాబట్టి అది సహజమే. ఈసారి కూడా మాట్లాడేది చదువు గురించే. కాకపోతే ఇది పుస్తకాల్లో లేని చదువు. పెళ్లయి, కడుపుతో ఉండి, కాన్పుకు పుట్టింటికి వచ్చిన మన ఆడపిల్లకు ఎవరూ చెప్పని చదువు.

మాలో ఒకరి సంగతి చెబుతాం, ఆమె అనుమతితోనే. బీఎడ్ చదివిన మనిషి. మొదటి కాన్పు. రాత్రి పదింటికి ఉమ్మనీరు పోయింది. మూత్రమేమో అనుకుని, అత్తకు చెప్పడానికి సిగ్గుపడి, చీర మార్చుకుని పడుకుంది. నొప్పులు లేవు కదా అని తెల్లారేదాకా ఊరుకుంది. బిడ్డ దక్కాడు, అల్లా దయ. కానీ ఇన్ఫెక్షన్ సోకి పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. గాజులు తాకట్టు పెట్టి బిల్లు కట్టారు. సైన్సు పాఠం చెప్పే మనిషికే ఈ ఒక్క ముక్క తెలియలేదు. నొప్పులు ఉన్నా లేకున్నా నీరు పోయిందంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అందుకే ఈ మధ్య మేం నలుగురం టీచర్లం కడుపుతో ఉన్న పిల్లల్ని నెలకోసారి కూర్చోబెట్టి మాట్లాడుతున్నాం. వాళ్లకు చెప్పేదే మీకూ క్లుప్తంగా చెబుతాం. మగవాళ్లు ఇబ్బంది పడకండి. ఆటో పిలిచేదీ, సంతకం పెట్టేదీ మీరే కదా.

ముందు నొప్పుల గుర్తు. దొంగ నొప్పులు వస్తాయి, కాసేపు అటూ ఇటూ నడిచినా పడుకున్నా తగ్గిపోతాయి. అసలు నొప్పులు తగ్గవు. చాలామందికి నడుములో మొదలై పొత్తికడుపు ముందుకు వస్తాయి. ఇరవై నిమిషాలకోసారి, పదికోసారి, అయిదుకోసారి, ఇలా దగ్గరవుతాయి. గడియారం చూసి కాగితం మీద రాసుకోమంటాం. నెత్తుటి చారతో జిగురు కనబడితే భయపడొద్దు, ద్వారం తెరుచుకోవడానికి సిద్ధమవుతోందని అర్థం. ధారగా నెత్తురు పోతేనో, నీరు పచ్చగా ఉంటేనో, బిడ్డ కదలిక తగ్గితేనో, తల పగిలిపోయే నొప్పి వచ్చి కళ్లు మసకబారితేనో ఇక గడియారం చూడొద్దు, 108కి ఫోన్ చేయాలి.

గర్భసంచి ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకోవాలి. మాట వింటే పిల్లలకు అర్థం కాదు. జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి, పది దగ్గర వేలు పెట్టి చూపిస్తాం. అప్పుడు, "అంతా ఒక్కసారే తెరుచుకుంటుందా మేడం?" అని అడుగుతారు. కాదు. మొదటి కాన్పుకు పన్నెండు గంటలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. మొదటి నాలుగైదు సెంటీమీటర్లకే చాలా సమయం పోతుంది. ఆ గంటల్లో నడవచ్చు, పక్కకు తిరిగి పడుకోవచ్చు, డాక్టరు వద్దనకపోతే నీళ్లు తాగొచ్చు, తేలిగ్గా తినొచ్చు. పూర్తిగా తెరుచుకోకముందే ముక్కితే ఒంట్లో శక్తి పోతుంది తప్ప లాభం లేదు. నర్సమ్మ చెప్పినప్పుడే ముక్కాలి. అరిస్తే తప్పా అని కూడా అడిగారు. మరియం అలైహిస్సలాం అంతటి తల్లి పురిటి నొప్పులతో ఖర్జూరపు చెట్టు మొదలుకు చేరి, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని బాధపడ్డారని ఖురాన్‌లోనే ఉంది. మన పిల్ల అమ్మా అని అరిస్తే తప్పేముంది?

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాం. కాన్పు తొందరగా కావాలని ఇంటి దగ్గర ఎవరితోనూ నొప్పుల ఇంజెక్షన్ వేయించొద్దు. ఆ మందుతో గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది. దాన్ని ఆసుపత్రిలో, బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ ఇవ్వాల్సిందే.

బిడ్డ బయటపడగానే అయిపోయిందనుకుంటాం. కాలేదు. మాయ పడాలి, సాధారణంగా అరగంటలోపు పడుతుంది. నెత్తురు ఎక్కువ పోకుండా తల్లికి తొడకు ఇంజెక్షన్ ఇస్తారు. తల్లి ప్రాణానికి ముప్పు ఎక్కువగా వచ్చేది ఈ వేళలోనే. అందరూ బిడ్డ చుట్టూ మూగి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే తల్లిని చూసేవాళ్లుండరు. ప్యాడ్ గంటలోపే పూర్తిగా తడిసిపోతుంటే నర్సును పిలవాలి. ఆ పని ఒకరికి ముందే అప్పజెప్పండి.

బిడ్డ చెవిలో అజాన్ చెప్పుకోండి, దానికి అడ్డేముంది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దని డాక్టర్లంటారు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. నానీలు ఆ పాలు పిండి పారబోయించిన రోజులు మాకు గుర్తే.

ఇక ఖర్చు మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో వందకు 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయినట్టు తేలింది. సంతోషం. అదే సర్వేలో వందకు 42 ఆపరేషన్లు, ప్రైవేటులోనైతే 63. ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, అవసరమైన చోట వద్దనకూడదు. కానీ ఎందుకు చేస్తున్నారని అడిగి తెలుసుకునే హక్కు మనకుంది. నొప్పులు భరించలేక ఇంటివాళ్లే కోసేయమంటున్న సందర్భాలూ మేం చూశాం. ఏం జరుగుతోందో తెలియని భయం అది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పూ, ఆపరేషనూ, మందులూ, భోజనమూ 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. ఇది తెలియక అప్పు చేసేవాళ్లు జలదంకిలోనూ ఉన్నారు, పక్క పల్లెల్లోనూ ఉన్నారు. ఆ తర్వాత మన సొసైటీకి అర్జీ పెట్టుకుంటారు.

బిల్లు వచ్చాక మీరిచ్చే సాయం గొప్పదే. బిల్లు రాకముందు కూడా కొంచెం ఇవ్వమని మా మనవి. పెద్ద మొత్తం కాదు. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఆటో చార్జీ, ఒక పటం, పాలూ అరటిపండ్లూ. ఒక్కొక్కరికి కాన్పు సంచీ కూడా: రెండు పాత మెత్తటి నూలు చీరలు, ప్యాడ్లు, బిడ్డకు టోపీ, ఆధార్ నకలు, చెకప్ కార్డు పెట్టుకునే కవరు. హకీకా విందులో ఒక వంటకం తగ్గించినా సరిపోతుందని మాలో ఒకరన్నారు. ఆ వంటకం ఏదో మీరే తేల్చుకోండి.

మగవాళ్లకు కూడా ఒకరోజు విడిగా పెడదామనుకుంటున్నాం, ఇమాం సాబ్ సరేనన్నారు. ఈ నెల క్లాసు జుమా మర్నాడు, స్కూలు వరండాలో. మీ కోడళ్లను పంపండి. అత్తలు కూడా వస్తామంటే కుర్చీలు వేయిస్తాం.